బుర్ర పరీక్ష తప్పిన ఆడపిల్లలు

నెలకొకసారైనా పేపర్లో ఆ వార్త వస్తుంది. మగవాళ్ళ మెదడు దారులూ దిక్కులూ బాగా పట్టుకుంటుందట, ఆడవాళ్ళ మెదడు మాటలు బాగా పట్టుకుంటుందట. మరుసటి నెల అదే పేపర్లో, అదే మూల, అలాంటిదేమీ లేదని ఇంకొకరు తేల్చేస్తారు. సైకాలజీలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కనుక, చుట్టాల పిల్లలు ఆ కాగితం పట్టుకొచ్చి ఏది నిజమో చెప్పమంటారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు ఉన్న ఓపికంతా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికే సరిపోతోంది.

అందుకని ఒక్కసారి రాసి పెట్టేస్తున్నాను. తేడా ఉందో లేదో ఇందులో చెప్పను. నాకు తెలియదు. ఉందన్నవాళ్ళవీ చదివాను, లేదన్నవాళ్ళవీ చదివాను, ఇద్దరూ గట్టివాళ్ళే. నాకు తెలిసిందల్లా, డెబ్బైలలో ఒక ఎండాకాలం విజయవాడలో ఆ తేడాని మేమే స్వయంగా కొలిచాం. కొలిచి ఏం చేశామో చెబుతాను, ఆ పైన మీ ఇష్టం.

నేను విశాఖలో ఎమ్మే చదివి, పెళ్ళయి, భవానీపురం కాపరానికి వచ్చాను. ఊళ్ళో ఒక కాలేజీకి అనుబంధంగా వృత్తి సలహా కేంద్రం అని ఒకటి ఉండేది. అందులో టెస్ట్ అసిస్టెంటుగా చేరాను. పేరు పెద్దది, కేంద్రం చిన్నది. మెట్ల కింద ఒక గది, రెండు బీరువాలు, కరెంటుకి దయ కలిగినప్పుడు తిరిగే ఒక ఫ్యాను. పదో తరగతి పాసైన పిల్లలకి రకరకాల పరీక్షలు పెట్టి, ఎవరు ఏ పనికి పనికొస్తారో చెప్పడం మా ఉద్యోగం. మేం ఏ పనికి పనికొస్తామో మాకు చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

గదిలో ముగ్గురం. పెద్దాయన ప్రొఫెసర్ గారు. ఉబ్బసం మనిషి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ ఉంటే, ఏదో గొప్ప మాట రాబోతోందని విద్యార్థులు పెన్నులు తీసేవారు. ఆడమనిషిని పెట్టుకుంటే ఏడాది తిరక్కుండా పురిటి సెలవు అడుగుతుందని కాలేజీవాళ్ళు నసిగినప్పుడు, ఇంటర్వ్యూలో బాగా చెప్పింది ఆ అమ్మాయే కదా అని నన్ను తీసుకున్నది ఆయనే. ఈ ముక్క ముందే చెబుతున్నాను. లేకపోతే మిగతాది విని ఆయన్ని తేలిగ్గా దుర్మార్గుణ్ణి చేసేస్తారు. రెండో ఆయన లెక్కలాయన. పిడి తిప్పితే గరగరమని లెక్క కట్టే మిషను ఒకటి ఆయన ముందుండేది. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన చెయ్యి దాని పిడి మీదే ఉండేది.

ఆ రోజుల్లో ప్రొఫెసర్ గారికి విదేశాల నుంచి పత్రికలు వచ్చేవి. మెదడు రెండు సగాలుగా పనిచేస్తుందని, ఎడమ సగం మాటలదీ కుడి సగం ఆకారాలదీ అని అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. ఆడవాళ్ళకి ఒక సగం, మగవాళ్ళకి ఇంకో సగం చురుకనే వాదన అందులోంచే లేచింది. కాదనేవాళ్ళు కూడా గట్టిగానే కాదంటున్నారు. ఆ పత్రికలు వచ్చిన రోజు ఆయనకి ఉబ్బసం తగ్గేది. ఎవరు ఏమన్నారో మా ఇద్దరికీ వరసగా చదివి వినిపించేవారు. లెక్కలాయన అంతా విని, "మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు ముప్ఫయ్యేళ్ళు వచ్చినా తెలీదండీ, మా ఆవిడ చీకట్లో తీస్తుంది. ఇది ఏ సగం కిందకి వస్తుంది?" అనేవాడు. ప్రొఫెసర్ గారు నవ్వేవారు కాదు. నిజంగానే ఆలోచించేవారు.

సరిగ్గా అప్పుడే గన్నవరం రోడ్డులో ఒక కొత్త సాంకేతిక సంస్థ మొదలైంది. పెట్టింది ఒక రైసు మిల్లు యజమాని, ఛైర్మన్ కూడా ఆయనే. ప్రిన్సిపాల్‌గా రిటైరైన ఇంజనీరు ఒకాయన్ని పెట్టుకున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు, అంటే ఇళ్ళకీ వంతెనలకీ ప్లాన్లు గీయడం నేర్పుతారు. కాలవల మీద, రోడ్ల మీద ఎక్కడ చూసినా కట్టడాలు లేస్తున్న కాలం, గీసేవాళ్ళకి గిరాకీ ఉంది. ప్రకటనలో మగపిల్లలు అని రాయడం మరిచిపోయారు. దాంతో ఆడపిల్లలు కూడా దరఖాస్తులు పెట్టారు. ఏం చెయ్యాలో తోచక వాళ్ళు మా ప్రొఫెసర్ గారి దగ్గరికి వచ్చి, ఈ పనికి ఆడపిల్లల బుర్ర సరిపోతుందో లేదో మీ శాస్త్రంతో తేల్చి పెట్టండి, దాన్నిబట్టి సీట్లు ఇస్తాం అన్నారు. ఆయనకి కావలసిందీ అదే. పత్రికల్లో అంతా ఎక్కడెక్కడివాళ్ళనో కొలుస్తున్నారు, మన కృష్ణా జిల్లా పిల్లల్ని కొలిచినవాడు లేడు.

పరీక్ష ఆయనే తయారుచేశారు. వడ్రంగి చేత కొయ్య బొమ్మలు చేయించారు. మొదటిది చిన్న మేడ: ఒక వైపు మెట్లు, ఒక వైపు తలుపు, ఒక వైపు కిటికీ, ఒక వైపు ఒట్టి గోడ. తర్వాతవి అంతకంతకూ వంకర టింకర దిమ్మలు. ముందు బొమ్మని చేత్తో పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూపించాలి. తర్వాత బల్ల మీద పెట్టి, ఇప్పుడు బల్లకి అవతల నిలబడ్డవాడికి ఇది ఎలా కనిపిస్తుంది అని అడగాలి. కాగితం మీద నాలుగు వైపుల బొమ్మలూ ఉంటాయి, ఒకదానికి గుర్తు పెట్టాలి. ఆకారాన్ని మనసులో తిప్పి చూడగలిగినవాడే ప్లాను గీయగలడని ఆయన సిద్ధాంతం. అది మంచి సిద్ధాంతమే, ఇప్పటికీ నేను ఒప్పుకుంటాను.

దిద్దడానికి చిల్లుల అట్ట ఉండేది. సరైన జవాబు ఉన్నచోట అట్టకి చిల్లి. కాగితం మీద అట్ట పెడితే, చిల్లిలోంచి గుర్తు కనిపించినవి ఒప్పు. కనిపించనివి తప్పు. తప్పు పెట్టినవాడు దేనికి గుర్తు పెట్టాడో అట్ట కింద ఉండిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. చూడ్డానికి టైమూ ఉండదు, వందల కాగితాలు.

సంస్థలో హాలు కొత్తది, ఇంకా సున్నం వాసన వేస్తోంది. బెంచీలు మాత్రం అన్ని కాలేజీల్లో వేసినట్టే వేశారు. మగపిల్లల బెంచీలు మాస్టారి బల్లకి ఎదురుగా వరసలుగా. ఆడపిల్లల బెంచీలు బల్లకి పక్కన, గోడ వారగా, అడ్డంగా. అలా వేస్తే వాళ్ళు ఎదురు మొహం చూస్తే మగపిల్లలు కనిపించరు, మగపిల్లలకి వీళ్ళ పక్క మొహాలే కనిపిస్తాయి. మర్యాద అన్నమాట. నేను కాలేజీ చదువంతా అలాంటి బెంచీల మీదే, బోర్డు కోసం మెడ పక్కకి తిప్పి కూర్చుని చదివాను. అందుకే హాల్లో అడుగు పెట్టినప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు. అటెండరు బొమ్మని మగపిల్లలకి ఎదురుగా, మెట్లు వాళ్ళవైపు ఉండేట్టు పెట్టాడు. నేను సూచనలు చదివాను. పరీక్ష అయిపోయింది.

లెక్కలాయన మిషను ఒక వారం గరగరలాడింది. మాటలకి సంబంధించిన భాగంలో ఆడపిల్లలు ఒక పిసరు పైన. ఆకారాల భాగంలో మగపిల్లలు బాగానే చేశారు. ఆడపిల్లలకి దాదాపు ఏమీ రాలేదు. విదేశీ పత్రికల్లో తేడా ఉందన్నవాళ్ళు కూడా ఇంత తేడా చెప్పలేదు. లెక్కలాయన మళ్ళీ కట్టాడు, మళ్ళీ అదే వచ్చింది. ప్రొఫెసర్ గారి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను కూడా సంతోషించాను. మనిషి నాలుగు వారాలుగా ఊపిరి ఆడక, కూర్చునే నిద్రపోతూ ఈ పరీక్ష తయారుచేశాడు.

ఆయన ఊళ్ళో దాని మీద ఉపన్యాసం ఇచ్చారు. హాలు నిండిపోయింది. ఆయన నిజాయితీగానే మాట్లాడారు. సగటు వేరు, మనిషి వేరు అన్నారు. ఒక ఆడపిల్ల వందమంది మగపిల్లల కంటే బాగా గీయవచ్చు, సగటు ఆమె గురించి ఏమీ చెప్పదు అన్నారు. ముందు వరసలో ఒక ఆడపిల్లల కాలేజీ ఫిజియాలజీ లెక్చరరు లేచి, మీరు కొలిచింది గుర్తులు పెట్టడాన్ని, మెదడుని కాదు కదండీ, మెదడు దాకా ఎలా వెళ్ళారని అడిగింది. ఆయన ఆగి ఊపిరి తీసుకుని, అది ఆలోచించవలసిన మాటే అన్నారు. కానీ అంతకు ముందు ఆయన చెప్పిందీ, ఆమె అడిగిందీ ఎవరి చెవికీ ఎక్కలేదు. బయటికి వచ్చేటప్పుడు జనం చెప్పుకున్నది ఒక్కటే, ఆడవాళ్ళకి ఆ సగం పనిచెయ్యదని తేలిపోయిందట. మర్నాడు బస్సులో ఎవరో ఆ మాట నాకే చెప్పారు.

సంస్థవాళ్ళు ఆడపిల్లల దరఖాస్తులన్నీ తీసేసి లిస్టు అంటించారు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, నేను అన్నం డబ్బా కడుక్కుంటూ ఉంటే, ఒక పిల్ల మెట్ల కింద గది గుమ్మంలో నిలబడింది. గుణదల నుంచి వచ్చానంది. తండ్రి తాపీ మేస్త్రీ, తల్లి ఒక స్కూలు హాస్టల్లో వంట చేస్తుంది. కాథలిక్కులు. తండ్రికి చదువు రాదు, ప్లాను కాగితం ఇచ్చినప్పుడల్లా చదివి చెప్పేది ఈ పిల్లేనట, ఎనిమిదో తరగతి నుంచీ. వాళ్ళ నాన్న పనిచేసే కాంట్రాక్టరు, సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ఆఫీసులో పెట్టుకుంటానన్నాడట. నేను తప్పిన ప్రశ్నలు ఏవో చూపించండి మేడమ్, అంది.

అలా చూపించే పద్ధతి లేదు. నాకు ఆ రోజు తలనొప్పి కూడా. ఇంట్లో అత్తగారికి జ్వరం, పొద్దున్న వంట చేసి, పిల్లాణ్ణి పక్కింట్లో అప్పగించి, బస్సులో నిలబడి వచ్చాను. వెళ్ళమ్మా అందామనుకున్నాను. కానీ ఆ పిల్ల వెళ్ళేలా లేదు. సీటు ఇవ్వమని అడగడం లేదు, ఏడవడం లేదు, తప్పు ఎక్కడో చెప్పమంటోంది, నేర్చుకుంటానంటోంది. మర్నాడు కొయ్య బొమ్మలు తిరిగి తెచ్చుకోవడానికి నేను సంస్థకి వెళ్ళే పని ఉంది. అక్కడికి రా, చూపిస్తానన్నాను.

మర్నాడు హాల్లో ఎవరూ లేరు. నేను మేడ బొమ్మని బల్ల మీద పరీక్షలో పెట్టినట్టే పెట్టాను. ఆ పిల్ల అలవాటు ప్రకారం వెళ్ళి గోడ వార బెంచీలో కూర్చుంది. నేను బల్లకి ముందు, మగపిల్లల వరసల దగ్గర నిలబడ్డాను. అవతల వైపు ఏముంది చెప్పు, అన్నాను.

"తలుపండీ."

"తలుపేమిటి? సరిగ్గా చూడు. అవతల ఒట్టి గోడ కదా."

"ఒట్టి గోడ అటు పక్కన ఉందండీ. అవతల తలుపు."

నాకు చిరాకు వచ్చింది. ఇంత తేలికైనది కూడా తెలియకుండా ప్లాన్లు గీస్తానంటుందేమిటి అనుకున్నాను. వేలు పెట్టి చూపించాను. అదుగో, ఇక్కడి నుంచి ఎదురుగా మెట్లు కనిపిస్తున్నాయా, దానికి అవతల ఒట్టి గోడ, అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. చదువుకున్న మేడమ్ గారికి కూడా ఇది రావడం లేదేమిటా అన్నట్టు. "ఎదురుగా మెట్లెక్కడున్నాయండీ? ఎదురుగా కిటికీ ఉంది. మెట్లు పక్కకున్నాయి" అంది. ఇద్దరం గొంతు పెంచాం. నువ్వు తప్పంటే నువ్వు తప్పని కాసేపు వాదించుకున్నాం. చివరికి, నీకేం కనిపిస్తోందో నేనూ చూస్తానని విసుగ్గా వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీలో కూలబడ్డాను.

ఎదురుగా కిటికీ ఉంది. దానికి అవతల తలుపు.

బెంచీలోంచి లేవకుండా బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల కంగారుపడి, మంచినీళ్ళు తెమ్మంటారా అని అడిగింది. ఆఫీసుకి తిరిగి వచ్చి ఆడపిల్లల కాగితాలు అట్ట లేకుండా తీసి చూశాను. అందరికీ ఒకే తప్పు. ప్రతి బొమ్మకీ, వాళ్ళు కూర్చున్న చోటికి సరిగ్గా అవతల వైపు. తెలియక తప్పినవాళ్ళు తలొక రకంగా తప్పుతారు. అందరూ ఒకే రకంగా తప్పారంటే, వాళ్ళకి వచ్చు.

ప్రొఫెసర్ గారికి చెప్పడానికి సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కుర్చీలో ముందుకి వంగి కూర్చుని ఉన్నారు, ఆ భంగిమలోనే ఊపిరి ఆడేది ఆయనకి. నేను అగ్గిపెట్టె మీద మెట్లు, తలుపు, కిటికీ గీసి, స్టూలు మీద పెట్టి చూపించాను. ఆయన ఎదురుగా కూర్చుని చూశారు. తర్వాత కష్టపడి లేచి, స్టూలు పక్కకి వచ్చి నిలబడి చూశారు.

"అయినా అమ్మా, వచ్చిన ఫలితం బయట వస్తున్నవాటి దారిలోనే ఉంది కదా" అన్నారు చివరికి.

"దారి అదే అయితే కావచ్చండి. మనం మాత్రం ఆ దారిన వెళ్ళలేదు" అన్నాను. చిన్నదాన్ని, అంత మాట ఎలా అన్నానో తెలియదు. ఆయనకి కోపం రాలేదు. లోపలికి వెళ్ళి మందు పీల్చుకుని వచ్చి, మళ్ళీ పెడదాం అన్నారు. ఈసారి బొమ్మల్ని ఆడపిల్లల వైపు తిప్పుదాం. అట్ట కూడా వాళ్ళ వైపు నుంచి కోద్దాం. మిగతాదేమీ మార్చవద్దు, ఎవరికీ చెప్పవద్దు. అది ఆయన ఆలోచనే. ఆ రాత్రి ఆయన ఇంటి నుంచి వస్తూంటే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

ఛైర్మన్ గారికి, ఇంకోసారి సరి చూసుకోవాలని మాత్రం చెప్పారు. పాత పిల్లల్నే పిలిపించాం, బొమ్మలు కొత్తవి. శాస్త్రం అంటే ఎలా ఉంటుందో చూద్దామని ఆ రోజు ఛైర్మన్ గారూ ప్రిన్సిపాల్ గారూ కూడా వచ్చి కుర్చీలు వేయించుకు కూర్చున్నారు. మగపిల్లల్లో ప్రిన్సిపాల్ గారి మేనల్లుడొకడు ఉన్నాడు, పోయినసారి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నది వాడే. అటెండరు బల్లని పావు చుట్టు తిప్పాడు. నేను అవే సూచనలు, అదే గొంతుతో చదివాను. గుణదల పిల్ల బెంచీ చివర కూర్చుని నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. వాళ్ళమ్మ బయట వరండాలో కూర్చుంది.

పిల్లల్ని బయటికి పంపి అక్కడికక్కడే దిద్దాం. ఆడపిల్లల కాగితాల మీద అట్ట పెడితే చిల్లుల్లో గుర్తులు వరసగా కనిపించాయి. మగపిల్లల కాగితాల మీద పెడితే చిల్లులు ఖాళీ. లెక్కలాయన జీవితంలో మొదటిసారి మిషను పిడి వదిలేసి చేతులు కట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు మేనల్లుడి కాగితం తనే తీసుకుని, అట్ట తనే పెట్టి చూశారు. తిరగేసి పెట్టి కూడా చూశారు.

"ఇదేమిటండీ, పరీక్షలో ఏదో పొరపాటు జరిగింది. ఇంతమంది కుర్రాళ్ళు ఒక్కసారి తప్పడమేమిటి?" అన్నారు.

ఆయన ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయనే పోయినసారి ఆడపిల్లల సున్నాలు చూసి, పాపం, వాళ్ళ బుర్ర తీరే అంత అని తల ఊపిన మనిషి.

"పోయినసారి ఆడపిల్లలంతా ఒక్కసారే తప్పారండి. పొరపాటు పరీక్షలో ఉందని అప్పుడు మీరు అనలేదు" అన్నాను.

ప్రొఫెసర్ గారు నెమ్మదిగా, "నేనూ అనలేదండి. నేనైతే మెదడు దాకా వెళ్ళాను" అన్నారు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, బెంచీల సంగతి వాళ్ళిద్దరికీ బొమ్మ పెట్టి చూపించారు. వాళ్ళు లేచి అటు కూర్చుని, ఇటు కూర్చుని చూశారు. ఛైర్మన్ గారికి బాగా సరదా వేసింది. భలే ఉందే అని నవ్వారు.

మీలో పరిశోధన చేసేవాళ్ళకి ఒక ముక్క చెబుతాను. తప్పు పట్టుకున్నాం కనుక అంతా సర్దుకుంటుందని ఆ నిమిషంలో నేను నమ్మాను. చిన్న వయసు. ఫలితం మారితే నిర్ణయం మారుతుందనుకున్నాను.

కాఫీలు వచ్చాయి. ప్రొఫెసర్ గారు, ఆడపిల్లల దరఖాస్తులు మళ్ళీ చూడాలి కదండీ అన్నారు. ఛైర్మన్ గారు కాఫీ తాగుతూ, చూడకేం అన్నారు. కానీ చూడండి, ప్లాను గీసేవాడు సైటుకి కూడా పోవాలి, ఆడపిల్లని సైటుకి ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు? గన్నవరం రోడ్డులో సాయంత్రం బస్సులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. వాళ్ళకి వేరే గది కట్టించాలి. రెండేళ్ళు నేర్పాక పెళ్ళయి వెళ్ళిపోతే ఆ సీటు వృథా. మొదటి బ్యాచి మగపిల్లలతో నడవనివ్వండి, తర్వాత ఆలోచిద్దాం. ప్రిన్సిపాల్ గారు ప్రతి వాక్యానికీ తల ఊపారు.

"బుర్ర సరిపోతుందో లేదో తేలిస్తే దాన్నిబట్టి సీట్లు ఇస్తామన్నారు కదండీ" అన్నారు ప్రొఫెసర్ గారు.

"తేల్చారుగా. సంతోషం. వాళ్ళ బుర్రకేం, బంగారంలా ఉంది" అన్నారు ఛైర్మన్ గారు. వెటకారంగా కాదు. నిజంగానే సంతోషంగా అన్నారు.

ప్రొఫెసర్ గారు ఇంకా వాదించారు. వాదిస్తూ ఉండగానే ఆయాసం ఎక్కువై మాట రాలేదు. ఎవరో వీపు రాశారు. అక్కడితో మీటింగు అయిపోయింది. పరీక్ష రద్దు చేశారు, సీట్లు పదో తరగతి మార్కుల మీద, మగపిల్లలకే. ప్రిన్సిపాల్ గారి మేనల్లుడికి కూడా వచ్చింది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెప్పే ఓపిక ఉండదు. ప్రొఫెసర్ గారు పత్రికకి పంపిన వ్యాసం వెనక్కి తెప్పించుకున్నారు. పేరు రాబోతున్న వయసులో ఆ పని చెయ్యడం మాటలు కాదు. మొదటి ఫలితం తప్పని ఊళ్ళో ఇంకో ఉపన్యాసం ఇస్తానని ఆయన చాలామందిని అడిగారు, ఎవరూ ఆసక్తి చూపించలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి కూడా, విజయవాడలో పరీక్ష పెట్టి తేల్చారట అని మొదటి సంగతే ఎవరో ఒకరు చెబుతూ ఉండేవారు. నేను కాదని వివరించబోతే, సగంలో టైము చూసుకునేవారు. ఆ సంస్థ కొన్నేళ్ళ తర్వాత ఆడపిల్లల్ని చేర్చుకుంది. అప్పటికి గుణదల పిల్ల గుంటూరులో నర్సు ట్రైనింగు ముగించి, ఎక్కడో ఉద్యోగంలో ఉందని విన్నాను. మంచి నర్సే అయి ఉంటుంది. నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజు మాత్రం చూశాను. బయట కాచుకున్న పిల్లలకి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. లెక్కలాయన్ని చెప్పమంటే, ఇలాంటివి నాకు చేతకావు మేడమ్ అని మిషను సర్దుకోవడంలో పడ్డాడు. ఆడపిల్లలు చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. వరండాలో తల్లీ కూతురూ లేచి నిలబడ్డారు. తల్లి కొంగు భుజం చుట్టూ సర్దుకుని, నా మొహం చూసి, చూపు పక్కకి తిప్పేసింది. ఆమెకి అర్థమైపోయింది. పిల్లకి కాలేదు.

అంతా చెప్పాను. నీ జవాబులన్నీ ఒప్పే, పోయినసారివి కూడా ఒప్పే, తప్పు మా బల్లలో ఉంది, నీలో లేదు అన్నాను. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. తర్వాత సీటు సంగతి చెప్పాను. సైటు గురించీ, బస్సుల గురించీ, గది గురించీ వాళ్ళు అన్నవన్నీ చెప్పాను. ఆ పిల్ల అన్నీ శ్రద్ధగా వింది, పాఠం వింటున్నట్టు.

"మొదటిసారి తప్పానన్నప్పుడు, సరే, ఇంకా బాగా నేర్చుకుని వద్దామనుకున్నానండి" అంది. "ఇప్పుడు అన్నీ ఒప్పే అంటున్నారు. ఇప్పుడేం నేర్చుకుని రమ్మంటారండీ?"